రాత్రిళ్ళు పొలానికి వెళ్ళేవాడికి ఆరు వేల రూపాయల టార్చి దండగేనా?

"బత్తాయి తోటకు రాత్రి కాపలా వెళ్తుంటాను. మూడు వందల రూపాయలకే టార్చిలైటు దొరుకుతుంటే ఆరు వేలు పోసి హై పవర్ టార్చి కొనడం దండగ కాదా?" అని మీరు అడిగారు. దండగ కాదని నా నమ్మకం. అయితే కళ్ళు చెదిరే వెలుతురు కోసమో, ఊరి చివరి గుట్టదాకా కాంతి పోవాలనో కొనాలనుకుంటే మాత్రం కొనకండి. అర్ధరాత్రి గట్టు మీద ఉన్నట్టుండి ఆరిపోని టార్చి కావాలనుకుంటే అప్పు చేసైనా కొనండి. 2013లో మా పొలంలో జరిగిన ఒక సంగతి వల్ల నేను ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. నాలుగెకరాల బత్తాయి తోట, దాని పక్కన కొద్దిపాటి వరి ఉండేవి. అప్పట్లో వ్యవసాయానికి ఏడు గంటల కరెంటును విడతలుగా ఇచ్చేవారు, అందులో ఒక విడత రాత్రిపూట పడేది. ఒంటి గంటకు కరెంటు వస్తుందంటే మా నాయన పన్నెండున్నరకే లేచి బాయికాడికి పోయేవాడు. మా దగ్గర పొలానికి పోవడాన్ని బాయికాడికి పోవడమనే అంటారు. బోర్లు వచ్చి బావులు ఎండిపోయినా ఆ మాట పోలేదు, చాలాచోట్ల ఆ బావులను పూడ్చనూ లేదు. మా బావి నలభై అడుగుల లోతు ఉండేది, ఒక పక్క రాతి కట్టడం కూలిపోయి ఉండేది, బోరు దగ్గరికి పోయే గట్టు సరిగ్గా ఆ కూలిన అంచును ఆనుకునే సాగేది.

ఆ ఏడాది నేను హైదరాబాదులో ఒక దుకాణం నుంచి నాయనకు పన్నెండు వందల రూపాయల టార్చి తెచ్చాను. ముందుభాగాన్ని లాగితే వెలుతురంతా ఒకచోటికి చేరి దూరం పోయే రకం అది. పెట్టె మీద ల్యూమెన్లు 50,000 అని, లోపలి సెల్లు మీద 9900 అని అచ్చువేసి ఉంది. ఆ అంకెలకు అర్థం నాకు అప్పుడు తెలియదు. తెలియకపోయినా నాయనకు గొప్పగా చదివి వినిపించాను.

ఆ రాత్రి ముసురు పట్టింది. ఊళ్ళో సాయంత్రం పోయిన కరెంటు ఇంకా రాలేదు. అయినా మోటారుకు ఇచ్చే వేళకు అక్కడ ఉండాలని నాయన బయలుదేరాడు. నేను మిద్దె మీద రేకుల కింద పడుకుని, పొలాల మీదుగా కదిలిపోతున్న ఆ వెలుతురును చూస్తూ ఉన్నాను. టార్చి ముందుభాగాన్ని పూర్తిగా లాగి ఉంచడం వల్ల దూరాన నలుపలకల తెల్లటి మరక ఒకటి నడుస్తోంది, దాని వెనుక ఆయన పాదాల దగ్గర మాత్రం కటిక చీకటి. ఆ మరక బత్తాయి చెట్ల వరుస దాటింది, గట్టెక్కింది, అక్కడే ఆరిపోయింది.

బోరు దగ్గర కూర్చుని ఆర్పేసి ఉంటాడని మొదట అనుకున్నాను. కాని బోరు అక్కడికి ఇంకా నూరు గజాల దూరం ఉందని గుర్తుకు రావడానికి కాసేపు పట్టింది. అమ్మను లేపితే వడ్ల గుమ్మి పక్కన మేకుకు వేలాడే రెండు సెల్లుల పాత రేకు టార్చిని చేతికిచ్చింది. దాని పసుపు వెలుతురు నాలుగు బారల కంటే ఎక్కువ పోదు. దాన్ని పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ ఉరికాను. గట్టు దగ్గరికి చేరగానే చీకట్లోంచి నాయన గొంతు వినబడింది. "ఆడ్నే నిలవడు బిడ్డా, ఉరకకు."

ఆయన తడి గట్టు మీద చతికిలబడి, రెండు అరచేతులూ బురదకు ఆనించి, తల మీద తువ్వాలతో కూర్చుని ఉన్నాడు. టార్చి ఆరిపోయినప్పుడు ఆయన కాలు జారి ఒకసారి పక్కకు తిరిగాడట. "బాయి ఏ దిక్కున్నదో సమజ్ కాలే, అందుకే కదల్లే" అన్నాడు. నేను వెలుతురు వేసి చూస్తే ఆయన కుడి చేతి నుంచి మూడడుగుల అవతల గట్టు లేదు. ఊళ్ళో దీపాలు లేవు, మబ్బులో చుక్కలు లేవు. అరవై ఏళ్ళ మనిషి తాను పుట్టి పెరిగిన చేనులో దిక్కు తెలియక దాదాపు ముప్పావు గంట వానలో కూర్చున్నాడు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

ఆ టార్చిని ముందురోజు రాత్రంతా చార్జింగులో పెట్టింది నేనే. మరి ఎందుకు ఆరిపోయింది? ఆ ప్రశ్నతోనే నేను ఈ సంగతులన్నీ నేర్చుకున్నాను. అందులో వేసే లిథియం సెల్లును 18650 అంటారు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలత సెల్లులో మంచి కంపెనీలు కూడా 3500 మిల్లీ యాంపియర్ అవర్లకు (సెల్లు పట్టే చార్జికి కొలత అది) కాస్త అటూ ఇటూగానే నింపగలుగుతున్నాయి. 9900 అని రాసి ఉందంటే అది అబద్ధమే. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది, మాకు అంటగట్టినది అరచేతిలో పెట్టుకుంటేనే బెండులా తేలిగ్గా ఉంది.

ల్యూమెన్లు, అంటే దీపం ఇచ్చే మొత్తం వెలుతురు లెక్క, దీనికంటే ఘోరమైనది. మన ఇళ్ళలో వెలిగే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు 800, 900 ల్యూమెన్ల వెలుతురిస్తుంది. వాట్‌కు సుమారు నూరు ల్యూమెన్లనుకుంటే 50,000 ల్యూమెన్లకు 500 వాట్లు కావాలి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లని మోటారు ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. అందులో మూడింట రెండు వంతుల శక్తి బొటనవేలంత సెల్లు నుంచి వస్తుందంటే ఎవరు నమ్ముతారు? నిజమైన సెల్లు అంత శక్తినీ ఇవ్వగలిగినా ఒకటిన్నర నిమిషంలో ఖాళీ అవుతుంది. ఈ చిన్న గుణకారం వేసుకోకుండా ఆ పెట్టె కొన్నందుకు నన్ను నేను క్షమించుకోలేదు. అలాంటి అంకెలు అచ్చువేసి చేలల్లో తిరిగేవాళ్ళకు అమ్మడాన్ని నేను మోసంగానే చూస్తాను. తిరిగి ఇవ్వబోతే గ్యారంటీ లేదని దుకాణంవాడు ముఖం తిప్పుకున్నాడు.

పాత రేకు టార్చిలో ఒక మంచి గుణం ఉంది. సెల్లులు అయిపోతుంటే దాని బల్బు ఎర్రబడుతుంది, ఇంటికి తిరగమని ముందే చెబుతుంది. లిథియం సెల్లు అలా చెప్పదు. దాన్ని కాపాడే సర్క్యూట్ ఒక హద్దు రాగానే కరెంటును తెంచేస్తుంది, నిండు వెలుతురు మరుక్షణం చీకటి అవుతుంది. ఖరీదైన టార్చిలలో మీరు డబ్బు పెట్టాల్సింది దీనికే. వాటిలో చార్జి తగ్గుతుంటే రంగు మారే చిన్న దీపం ఉంటుంది, చివరి దశలో టార్చి తనంతట తాను వెలుతురు తగ్గించుకుని ఇంటిదాకా తెచ్చే పాటి కాంతిని మిగులుస్తుంది. నీళ్ళు చొరకుండా రబ్బరు రింగులు ఉంటాయి, స్విచ్ నమ్మకంగా పని చేస్తుంది.

దూరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మంచి కంపెనీ పెట్టె మీద 400 మీటర్లు అని ఉంటే, ఆ దూరాన పున్నమి వెన్నెలంత, అంటే పావు లక్స్ (ఒకచోట పడే వెలుతురుకు కొలత) వెలుతురు పడుతుందని మాత్రమే దాని అర్థం. పున్నమి వెన్నెల్లో గట్టు కనిపిస్తుంది గాని గట్టు మీద పడుకున్న కట్లపాము కనిపించదు. పైగా దూరం రెట్టింపు కావాలంటే కాంతి తీవ్రత నాలుగు రెట్లు పెరగాలి. ఆ తీవ్రతను క్యాండెలాల్లో కొలుస్తారు. 200 మీటర్లకు 10,000 క్యాండెలాలు చాలు, 400 మీటర్లకు 40,000 కావాలి. ధర అక్కడే ఆకాశానికి ఎక్కుతుంది. కాపలావాడికి కావాల్సింది పాదాల ముందు పది పదిహేను అడుగుల మేర వెడల్పుగా పరుచుకునే వెలుతురు.

అచ్చంపేట వైపు పల్లి చేను చేసే మా బావమరిది అడవి పందుల కోసం పన్నెండు వేల టార్చి కొన్నాడు. వెలిగించగానే చేనంతా పట్టపగలవుతుంది. రెండు నిమిషాలు తిరక్కుండానే పట్టుకోలేనంత వేడెక్కి తనంతట తాను సగానికి పడిపోతుంది. అది లోపం కాదు, అలా తగ్గించుకోకపోతే లోపలి ఎల్‌ఈడీ మాడిపోతుంది. మంచు పట్టిన రాత్రి అయితే ఆ వెలుతురంతా తెల్లటి గోడలా ఎదుట నిలిచి మన కళ్ళకే కొడుతుంది. దాన్ని ఆర్పాక చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ లోగా పందులు చేసేది చేసి పోతాయి. పందులు పడ్డ వైపు ఒక్క క్షణం వేసి ఆర్పడానికైతే అలాంటిది పనికొస్తుంది, నడకకు పనికిరాదు. సాగర్ రోడ్డు మీద బండ్లకు ఇలాంటి లైట్లు బిగించి ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది. ఎదుటివాడు గుడ్డివాడైతే ప్రమాదం ఇద్దరికీ అన్న ఇంగితం వాళ్ళకు లేదు.

ఆ ఏడాది పంట కోతలు కాగానే మేము ముందు బావి చుట్టూ నడుమెత్తు గోడ కట్టించాము. ఆ తర్వాత నేను నాలుగున్నర వేలు పెట్టి 1000 ల్యూమెన్ల టార్చి కొన్నాను. అదింకా పని చేస్తూనే ఉంది, మధ్యలో సెల్లు ఒక్కసారి మార్చాను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యాక నాయన అర్ధరాత్రి లేవడం తగ్గింది. అయినా దొంగల భయానికో, పందుల భయానికో వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆ టార్చిని వంద ల్యూమెన్ల దగ్గరే ఉంచుతాడు, పూర్తి వెలుతురు అవసరం పడ్డ రోజులు వేళ్ళ మీద లెక్కించవచ్చు.

కాబట్టి మీ ఆరు వేలను ఒక్క టార్చి మీదే పోయకండి. మూడు నాలుగు వేలలో 500 నుంచి 1000 ల్యూమెన్ల టార్చిని, సెల్లు విడిగా తీసి మార్చుకోగలిగినదాన్ని, బాగా తక్కువ వెలుతురు కూడా ఇవ్వగలిగినదాన్ని చూడండి. అసలైన సెల్లు మరొకటి కొని చార్జి చేసి జేబులో ఉంచుకోండి. మిగిలిన డబ్బుతో తలకు కట్టుకునే లైటు తీసుకోండి, స్టార్టర్ డబ్బా తెరిచి ఫ్యూజు చూసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. టార్చిని సంచిలో వేసేటప్పుడు వెనుక మూతను పావు తిప్పు వదులు చేస్తే చాలా రకాల్లో దానంతట అది వెలిగి చార్జి అయిపోదు. మీ తోటలో పాత బావి ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే దాని చుట్టూ గోడ కట్టించేవరకు టార్చి కొనుగోలు ఆపండి.