రిక్‌రోల్‌లో అంత నవ్వడానికి ఏముంది?

మీరు అడిగింది ఇదీ: "ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కితే ఏదో పాత ఇంగ్లీషు పాట వచ్చింది, అందరూ నవ్వారు. ఇందులో అంత నవ్వడానికి ఏముంది? నొక్కకముందే కనిపెట్టడం ఎలా?"

మీకు జరిగినదాన్ని రిక్‌రోల్ అంటారు. లింకు మీద రాసి ఉండేది ఒకటి, నొక్కితే వచ్చేది ఇంగ్లండ్ గాయకుడు రిక్ ఆస్ట్లీ పాడిన 'నెవర్ గొన్నా గివ్ యూ అప్'. జోక్ మొత్తం ఇంతే. విడమర్చి చెప్పబోతే అందులో ఏమీ మిగలదు. పక్కవాడు బకరా అవుతుంటే చూడాలి, అప్పుడే తెలుస్తుంది.

నేను కర్నూలులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు, మిడ్స్‌కు ముందు రోజు హాస్టల్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. "మిడ్ ఇంపార్టెంట్ క్వశ్చన్లు, అన్ని యూనిట్లూ, స్కాన్ చేయండి" అని రాసి, కింద క్యూఆర్ కోడ్. మెస్సుకు పోయేవాళ్లు ప్లేట్లు చంకలో పెట్టుకుని మరీ ఫోన్లు తీశారు. ముందు ఏదో సబ్బు యాడ్ వచ్చింది. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. ఓపిగ్గా ఆగి స్కిప్ నొక్కారు. టపటపా డ్రమ్ము మోగింది, కోటేసుకున్న ఎర్రజుట్టు కుర్రాడు భుజాలు ఊపుకుంటూ వచ్చాడు. నా ముందున్నవాడు ఒక్క క్షణం స్క్రీన్ వంక చూసి, గబుక్కున సౌండ్ ఆపేసి, వెనక్కి తిరిగి "ఉండాయి రా, అన్నీ ఉండాయి, స్కాన్ చేసుకో" అని చెప్పి అన్నానికి పోయాడు.

అసలు జోక్ ఆ మాటలో ఉంది. బకరా అయినవాడు క్షణంలో పార్టీ మార్చేస్తాడు. ఆ కాగితాన్ని సాయంత్రం దాకా ఎవరూ చించలేదు.

ఇక పాట సంగతి. ఇది 1987లో వచ్చింది. రాసి, తయారుచేసింది స్టాక్, ఐట్‌కెన్, వాటర్‌మన్ అనే ముగ్గురు. అప్పట్లో వాళ్లు పట్టిందల్లా హిట్టే. ఆస్ట్లీకి అప్పుడు 21 ఏళ్లు, అంతకుముందు వాళ్ల స్టూడియోలోనే టీలు అందించే కుర్రాడు. బ్రిటన్‌లో ఐదు వారాలు నంబర్ వన్, 1988లో అమెరికాలోనూ నంబర్ వన్. అంటే ఇది ఫ్లాప్ పాట అయి నవ్వులపాలు కాలేదు. 1987లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన సింగిల్ ఇదే. ఆస్ట్లీ 1993లో, 27 ఏళ్లకే, పాటలు పక్కనపెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

2007లో ఫోర్‌చాన్ అనే ఇంటర్నెట్ ఫోరంలో ఎవరో 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో 4' అనే వీడియో గేమ్ ట్రైలర్ అని చెప్పి ఈ పాట లింకు పెట్టారు. అంతకుముందు అక్కడ ఇలాగే ఊరించి, చక్రాలున్న బాతు బొమ్మ చూపించేవాళ్లు. బాతు పోయి ఆస్ట్లీ వచ్చాడు. 2008 ఏప్రిల్ 1న యూట్యూబే తన మొదటి పేజీలోని వీడియోలన్నిటికీ ఇదే పాట తగిలించింది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ థాంక్స్‌గివింగ్ పండగ ఊరేగింపులో, కార్టూన్ బొమ్మల బండి మీద, ఆస్ట్లీ స్వయంగా ప్రత్యక్షమై జనాన్ని రిక్‌రోల్ చేశాడు. 2021లో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటాయి. అందులో ఇష్టపడి నొక్కినవాళ్లు ఎందరో ఆ దేవుడికే తెలియాలి.

మన దగ్గరికి మాత్రం ఆలస్యంగా వచ్చింది. కారణం సింపుల్: డేటా. 2016 సెప్టెంబరులో జియో రాకముందు ఒక జీబీకి 200 రూపాయల పైమాటే. అప్పుడు ఎవడైనా వీడియో లింకుతో బకరా చేస్తే నవ్వు వచ్చేది కాదు, బ్యాలెన్స్ పోయిందని తన్నులాట అయ్యేది. పైగా వీడియో గిరగిరా తిరుగుతూనే ఉండేది, పాట మొదలయ్యేలోపు పేరు కనిపించి గుట్టు రట్టయ్యేది. పుట్టిన తొమ్మిదేళ్లకు ఈ జోక్ మా హాస్టల్లో పేలిందంటే అందుకే.

ఈ పాటే ఎందుకంటారా? నా ఉద్దేశంలో, పాట బాగుంటుంది కాబట్టి. బూతు లేదు, భయపెట్టేది లేదు, అమ్మ పక్కనున్నా ఇబ్బంది లేదు. ఆ కుర్రాడి మొహానికీ ఆ గంభీరమైన గొంతుకూ పొంతన లేకపోవడం ఇంకో తమాషా.

మా చిన్నాయన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. ఒకసారి ఇంట్లో ఆయనకు ఈ జోక్ వివరించబోయాను. నా మాటలు చెవిన పెట్టలేదు. "ఎవుర్రా వీడు, గొంతు బలే ఉండాదే. ఇంగోసారి పెట్టు" అని రెండోసారి వినేసరికి ట్యూన్ పట్టేశాడు. తర్వాత నంద్యాల రోడ్డులో ఒక రిసెప్షన్‌కు నేనూ వెళ్లాను. పెళ్లికొడుకుది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మైకు మొరాయించి, సింగర్ చేతులెత్తేస్తే, ఖాళీ తెలియకుండా చిన్నాయన ఈ ట్యూన్ అందుకున్నాడు. భోజనాల బంతిలో పెద్దలందరూ మామూలుగా తింటున్నారు. బెంగళూరు బ్యాచ్ మాత్రం ఒక్కసారిగా తలలెత్తింది. ఒకడు భక్ష్యం నోటిదాకా తెచ్చి అట్లే ఆగిపోయాడు. ఇంకొకడు ఎంగిలి చేత్తోనే స్టేజీ దగ్గరికి వచ్చి "అంకుల్, పెళ్లిలో కూడా బకరా చేసినారే" అన్నాడు. చిన్నాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, వన్స్ మోర్ అడిగారనుకుని మొత్తం పాట వాయించాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన "ఏ సినిమాలోదప్పా ఈ పాట?" అని అడిగితే, "పాత సినిమాదే పెద్దాయనా" అని సర్దిచెప్పాడు.

కనిపెట్టడం ఎలా అన్నారు. వాట్సాప్‌లో అసలు లింకు పంపితే బొమ్మా పేరూ ముందే కనిపిస్తాయి, కాబట్టి తెలివైనవాళ్లు పొట్టి లింకో క్యూఆర్ కోడో పంపుతారు. పూర్తి లింకు కనిపిస్తే అందులోని అక్షరాలు చూడండి. వాటిలో 'డీక్యూడబ్ల్యూ4' ఉంటే ఆస్ట్లీయే. క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు కూడా తెరిచేముందు అడ్రసు చూపిస్తుంది, అది యూట్యూబ్ అయితే క్వశ్చన్ పేపరు మీద ఆశ వదులుకోండి. లింకు బదులు ట్రాఫిక్ చలానా అనో పెళ్లి శుభలేఖ అనో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే మాత్రం అది ఈ జోక్ కాదు, డబ్బు కాజేసేవాళ్ల పని. తెరవకుండా డిలీట్ చేయండి.