టిక్కులు లెక్కపెట్టకురా

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన మాక్ టెస్ట్ ప్రోగ్రామ్ నడిపి చూశాను. పైథాన్‌లో విండోలు తయారుచేసే టీకింటర్‌లో స్క్రీన్లు ముచ్చటగా వచ్చాయి. కానీ టైమర్ మోగినప్పుడల్లా మిగిలిన టైమ్‌లోంచి ఒక సెకను తీసేస్తున్నావు చూడు, అది వెంటనే మార్చు. ఇంతసేపయ్యాక ఫంక్షన్‌ని పిలవమని చెప్పే ఆఫ్టర్‌కి 1000 మిల్లీసెకన్లు ఇచ్చావంటే అంతకు ముందు పిలవదనే అర్థం, సరిగ్గా అప్పుడే పిలుస్తుందని కాదు. విండో పనులన్నీ వరసగా చేసే మెయిన్ లూప్ వేరే పనిలో ఉంటే ఆలస్యంగా పిలుస్తుంది, ఆ ఆలస్యాలన్నీ పోగుపడతాయి.

ఇదే తప్పు నేనూ చేశాను. ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ టైమ్ చూపించడానికి విండోస్ ప్రోగ్రామ్ రాశాను. 100 మిల్లీసెకన్ల టైమర్, పది టిక్కులకు ఒక సెకను అని లెక్క. 8 గంటల షిఫ్ట్ ముగిసేసరికి స్క్రీన్ మీద టైమ్ 40 నిమిషాలు వెనకబడింది! రెండు రోజులు నిద్రపట్టలేదు. చివరికి చూస్తే, ఆ మెషీన్‌లో సిస్టమ్ టిక్, అంటే విండోస్ లోపలి గడియారం కొట్టుకునేది, దాదాపు 15.6 మిల్లీసెకన్లకోసారి. టైమర్ ఆ టిక్ మీదే మోగుతుంది. నేనడిగిన 100 మిల్లీసెకన్లకి ఆరు సిస్టమ్ టిక్కులు చాలవు, ఏడు కావాలి. అంటే ప్రతిసారీ 109 మిల్లీసెకన్లు అయ్యేది.

అందుకని పరీక్ష మొదలవగానే ఎప్పుడూ ముందుకే నడిచే గడియారం టైమ్.మోనోటానిక్ చదివి, ముగిసే క్షణం ఎప్పుడో దాచుకో. టైమర్ పిలిచినప్పుడల్లా మళ్లీ చదివి, మిగిలింది ఎంతో తీసివేసి చూపించు. ఒక పిలుపు ఆలస్యమైనా తర్వాతి పిలుపుకి సరైన అంకె వస్తుంది. మామూలు టైమ్.టైమ్ వాడకు, పిల్లలెవరైనా కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పితే పరీక్ష సాగుతూనే ఉంటుంది. పిలుపు 200 మిల్లీసెకన్లకోసారి పెట్టు, అంకెలు దూకినట్టు కనిపించవు.

స్టార్ట్ బటన్ రెండుసార్లు నొక్కి చూశావా? రెండు టైమర్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఆఫ్టర్ తిరిగిచ్చే ఐడీని దాచుకుని, కొత్తది మొదలుపెట్టే ముందూ, విండో మూసేటప్పుడూ ఆఫ్టర్_క్యాన్సిల్ చెయ్యి.

ఇంకొకటి, టైమర్ ఫంక్షన్‌లోనే జవాబులు సర్వర్‌కి పంపిస్తున్నావు. నెట్ నెమ్మదిస్తే విండో మొత్తం బిగుసుకుపోతుంది, పరీక్ష రాసే పిల్లకి ఎంత టెన్షనో ఆలోచించు. ఆ పని వేరే థ్రెడ్‌కి, అంటే ప్రోగ్రామ్‌లోనే పక్కన విడిగా నడిచే దారికి, ఇవ్వు. ఆ థ్రెడ్ స్క్రీన్ మీది లేబుల్స్‌ని ముట్టుకోకూడదు, ఫలితాన్ని క్యూలో (వచ్చిన వరసలో దాచే చోట) వేస్తే నీ టైమర్ తీసుకుని చూపిస్తుంది.

మార్చాక 3 గంటల పేపర్ పూర్తిగా నడిపి, పక్కన ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి సరిచూడు. మధ్యలో విండోని అటూ ఇటూ లాగుతూ ఉండు. ఎంత తేడా వచ్చిందో రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య