అద్దాలు తుడిచే కర్రకు లక్షా ఇరవై వేలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. వయసు 31. ఆరేళ్లు ఒక హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు దగ్గర అద్దాలు తుడిచాను, జీతం 16,000. నాలుగు నెలల క్రితం మానేసి సొంతంగా ఇళ్లకు, చిన్న అపార్ట్‌మెంట్లకు వెళ్తున్నాను. నెలకు 16 రోజులు పని దొరుకుతోంది, రోజుకు 900 వస్తోంది. పెట్రోలు, సబ్బు, బట్టలకు నెలకు 2,200 పోతుంది. మా ఆవిడ టైలరింగ్ మీద 7,000 తెస్తుంది. ఇంటి ఖర్చు 18,000. బ్యాంకులో 45,000, ఇంట్లో నాలుగు తులాల బంగారం ఉన్నాయి. ఒక డీలరు కార్బన్ ఫైబర్ పోల్, నీళ్లు శుద్ధి చేసే ట్యాంకు కలిపి 1,20,000 చెబుతున్నాడు. ఫైనాన్సు వాళ్లు 14 శాతం వడ్డీకి రెండేళ్ల గడువు ఇస్తామంటున్నారు, కిస్తీ 6,400. మా ఫ్రెండేమో పెయింటర్లు వాడే 850 రూపాయల టెలిస్కోపిక్ రాడ్ చాలంటాడు. రెండు కొని చూశాను. వైపర్ గిర్రున తిరిగిపోతోంది, కర్ర జారుతోంది, ఊగుతోంది. ఫొటోలు పంపుతున్నాను. అప్పు చేసి మంచిది కొనమంటారా? బంగారం పెడితే వడ్డీ కలిసొస్తుందా?

జవాబు: వద్దు. అప్పూ వద్దు, బంగారమూ కదపొద్దు. మీ ఫ్రెండు చెప్పింది సగం నిజం. 850 రూపాయల రాడ్ పనికొస్తుంది, కానీ కొన్నది కొన్నట్టు వాడితే కాదు. ఆ మిగతా సగం గురించి తర్వాత చెబుతాను, ముందు లెక్క చూద్దాం.

16 రోజులకు 900 చొప్పున 14,400. అందులో 2,200 తీసేస్తే 12,200. మీ ఆవిడ సంపాదన కలిపితే 19,200. ఇంటి ఖర్చు పోగా చేతిలో మిగిలేది 1,200. దాంట్లోంచి 6,400 కిస్తీ ఎలా కడతారు? ప్రతి నెలా 5,200 లోటు. ఆ లోటుకు మీ 45,000 తొమ్మిదో నెల నిండకుండానే అయిపోతుంది. అప్పటికి ఇంకా పదహారు కిస్తీలు బాకీ ఉంటాయి.

ఇక ఆ 14 శాతం. అది ఫ్లాట్ రేటు. అంటే మొదటి నెలలో బాకీ ఉన్న లక్షా ఇరవై వేల మీదే చివరి నెల దాకా వడ్డీ లెక్కేస్తారు, మధ్యలో మీరు కట్టిన అసలును పట్టించుకోరు. రెండేళ్లకు వడ్డీ 33,600. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది ఏడాదికి దాదాపు 25 శాతం పడుతుంది. ఫైనాన్సు ఆఫీసులో కూర్చున్నప్పుడు ‘ఫ్లాటా, రెడ్యూసింగా’ అని అడగండి. ఆ ఒక్క మాటకే అవతలివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

బంగారం మీద వడ్డీ ఇంతకంటే తక్కువే ఉంటుంది, నిజమే. కానీ ఆ నాలుగు తులాలు కర్ర కొనడానికి కాదు. రేపు మీ కాలు విరిగి రెండు నెలలు మంచంలో ఉంటే ఇల్లు నడవడానికి. మీ పనిలో అది ఊరికే అనే మాట కాదని మీకే బాగా తెలుసు.

కిట్ వస్తే పై అంతస్తుల పనులు దొరుకుతాయి, రాబడి రెట్టింపవుతుందని డీలరు చెప్పే ఉంటాడు. కిస్తీ కట్టడానికే నెలకు ఇంకో ఏడు రోజుల పని పైన దొరకాలి. ఆ పైన వచ్చిందే మీది. పైగా మీ ఊళ్లో, ముఖ్యంగా బీచ్ వైపు, చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ ట్యాంకు పనల్లా నీటిలోని ఉప్పుల్ని లాగేయడమే. నీళ్లు ఎంత ఉప్పగా ఉంటే లోపలి ఫిల్టరు సరుకు అంత త్వరగా అయిపోతుంది, మళ్లీ కొనాలి. డీలరు ఇచ్చిన కొటేషన్లో ఆ లైను ఉందా? ఒకసారి చూడండి.

ఇప్పుడు కర్ర సంగతి.

నేను పర్సనల్ ఫైనాన్స్ మనిషిని, మెకానిక్‌ని కాదు. కానీ మా ఫ్లాటుకు మూడేళ్లుగా వచ్చే కుర్రాడి దగ్గర మీ రాడ్ లాంటిదే ఉంది. ఒకరోజు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. కొనకు చిన్న చెక్క ముక్క, ఉలితో చెక్కి, పైకి పోయేకొద్దీ సన్నగా చేసింది. కింది భాగాన్ని రాడ్ పై గొట్టంలో దిగ్గొట్టి అడ్డంగా ఒక సన్న బోల్టు వేశాడు. పైకి మిగిలిన సన్న కొన వైపర్ పిడిలో బిగుతుగా కూర్చుంటోంది. పిడికి, చెక్కకు కలిపి ఒక చిల్లు, అందులో సైకిల్ పుల్ల ముక్క. ఇక వైపర్ తిరగమన్నా తిరగదు. పెయింటర్ల రాడ్ కొన రోలర్ కోసం చేసింది. రోలర్ మరలో కాస్త వదులున్నా ఇబ్బంది లేదు, వైపర్‌కు మాత్రం అద్దం మీద ఒక కోణంలో నిలకడగా ఉండాలి. మీ చిక్కంతా అక్కడే. మీ వీధిలో కార్పెంటరుకు వంద రూపాయలిస్తే ఆ ముక్క చెక్కిస్తాడు.

కర్ర జారే సమస్యకు అతను చేసింది ఇంకా తేలిక. రెండు గొట్టాలు కలిసేచోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద గ్యాస్ పైపుకు వేసే లాంటి క్లిప్పు స్క్రూడ్రైవర్‌తో బిగించాడు. తిప్పి బిగించే లాకులు సబ్బు నీళ్లు తగిలితే జారతాయి, క్లిప్పు జారదు. గొట్టానికి నడిమధ్యలో చిల్లులు మాత్రం పొడవకండి, పల్చటి అల్యూమినియం సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఉన్న పొడవంతా లాగకండి కూడా, లోపలి గొట్టం కనీసం జానెడు లోపలే ఉండాలి.

ఊగడం పూర్తిగా పోదు, తగ్గించుకోవచ్చు. మీ ఫొటోలో కర్రకు బిగించింది పద్దెనిమిది అంగుళాల వైపర్. వెడల్పు ఎక్కువైతే అద్దానికి ఆనించడానికి బలమూ ఎక్కువ కావాలి, ఆ బలానికి కర్ర వంగిపోతుంది. కర్ర మీద పది అంగుళాలది పెట్టండి, పెద్దది చేతికి అందే అద్దాలకు ఉంచుకోండి. వైపర్‌ను ఇంకో రెండుసార్లు ఎక్కువ లాగాల్సి వస్తుంది, అంతే. నీళ్లు పూసే బట్టను బాగా పిండాకే పైకెత్తండి, కొన మీద తడి బరువంటే చేతి మీద బరువే.

ఇవన్నీ కలిపితే ఎంతవుతుంది? మీ రెండు రాడ్లకు 1,700 ఇప్పటికే పెట్టారు. మంచి రకం చిన్న వైపర్ 1,100, బట్ట తొడిగే టీ ఆకారం పట్టీ 700, చెక్క కొన 100, క్లిప్పులు, ట్యూబు, బోల్టులు 150, అదనపు రబ్బర్లు 500. పూర్ణా మార్కెట్లో అటూ ఇటుగా ఉన్నా మొత్తం 4,250 దాటదు. అది మీ ఐదు రోజుల పని కూడా కాదు. సముద్రగాలికి, మొరటు వాడకానికి రెండు నెలలకో రాడ్ చొప్పున పోయిందే అనుకోండి, ఏడాదికి ఆరు రాడ్లు, 5,100. ఏడాది పొడవునా విరిగే రాడ్ల ఖరీదు ఒక్క నెల కిస్తీకి కూడా సరిపోదు.

పొదుపు చేయకూడని చోటు ఒకటుంది: రబ్బరు. కర్ర చౌకదైనా అద్దం మెరుస్తుంది, రబ్బరు అంచు అరిగితే ఎంత ఖరీదైన కర్రయినా చారలే మిగులుస్తుంది. అంచు మొద్దుబారగానే తిప్పి వేయండి, రెండో అంచూ పోయాక పారేయండి. ఇత్తడి పట్టీలో సన్న రబ్బరు బిగించిన మన ఇప్పటి వైపర్‌ను అమెరికాలోని ఓక్లాండ్‌లో ఎటోరే స్టెకోనే అనే ఇటాలియన్ వలస కార్మికుడు 1936లో తయారుచేశాడు. ఇన్నేళ్లలో దాని రూపం పెద్దగా మారలేదు. కాబట్టి ఇవాళ కొనకపోతే వెనకబడిపోతామన్న తొందర ఈ వ్యాపారంలో అవసరం లేదు.

చౌక కర్రకు హద్దుంది, అది మీరే ఒప్పుకోవాలి. పన్నెండు నుంచి పదిహేను అడుగుల వరకు పనవుతుంది. అంటే నేల మీద నిలబడి మొదటి అంతస్తు కిటికీలు. అంతకు మించి ఇంకో గొట్టం జోడించడం, నిచ్చెనెక్కి కర్ర పట్టుకోవడం, పిట్టగోడ మీద నుంచి వంగడం, ఈ మూడూ చేయకండి. పై అంతస్తు పని వస్తే ‘మొదటి అంతస్తు దాకే చేస్తానండీ’ అనండి, ఆ వచ్చిన పనిని మాత్రం ఒక నోట్‌బుక్కులో రాయండి: తేదీ, ఎక్కడ, ఎంతిస్తామన్నారు. మూడు నెలల తర్వాత ఆ పేజీ తీసి కూడండి. వదిలేసిన పనుల మొత్తం కిట్ ధరకు దరిదాపుల్లో ఉంటే అప్పుడు మళ్లీ నాకు రాయండి. నాలుగైదు వేల దగ్గరే ఆగితే, అద్దాల పనికే చేసిన ఒక మాదిరి అల్యూమినియం పోల్ రొక్కం పెట్టి కొనుక్కోవచ్చు.

దానికి డబ్బు ఇలా కూడబెట్టండి. పనికి వెళ్లిన ప్రతి రోజూ 50 రూపాయలు విడిగా తీయండి. నెలకు 800, ఏడాదికి 9,600. రాడ్లు, రబ్బర్లు అందులోంచే కొనండి, మిగిలింది కొత్త పోల్‌కు. బ్యాంకులో ఉన్న 45,000లో ఇప్పుడు పెట్టేది 2,550 మాత్రమే, రాడ్లు ముందే కొన్నారు కదా. మిగతా 42,450 మీ ఇంటికి రెండు నెలల పైచిలుకు ఖర్చు. దాన్ని మూడు నెలల ఖర్చుకు, అంటే 54,000కు పెంచేదాకా కొత్త ఖర్చేదీ మొదలుపెట్టకండి.

పాత కర్ర చూసి జనం తక్కువ ఇస్తారన్న భయం మీ ప్రశ్న వెనకాల నాకు వినిపించింది. కస్టమరు కర్రను ఒక్క నిమిషం చూస్తాడు. మీరు వెళ్లాక నెల రోజులు చూసేది అద్దం మూలల్ని. అయినా సరే, రాడ్‌కు ఒకే రంగు టేపు నీటుగా చుట్టండి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లండి. అసలు తేడా కూలి అడిగే పద్ధతిలో ఉంది. రోజుకింత అని కాకుండా కిటికీకింత అని చెప్పండి. రోజుకు 900 అంటే మీ చెయ్యి తిరిగినకొద్దీ లాభం కస్టమరుకే పోతుంది. మీ ఊరి సముద్రం ఇందులో మీ పక్షానే ఉంది. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్ల అద్దాల మీద ఉప్పు పొర మళ్లీ మళ్లీ కడుతూనే ఉంటుంది, ఏడాదికోసారి తుడిస్తే సరిపోదు. పన్నెండు ఇళ్లను నెలకు 600 చొప్పున మాట్లాడుకుంటే 7,200 స్థిరంగా వస్తుంది. మిగతా రోజులకు విడి పనులు చూసుకోవచ్చు. మీ రాడ్‌ను కూడా అదే ఉప్పు తింటుంది. సాయంత్రం మంచినీళ్లతో కడిగి, గొట్టాలు విడదీసి ఆరబెట్టండి, లేకపోతే ఒకదాంట్లో ఒకటి పట్టేస్తాయి.

డబ్బు ప్రశ్నకు కరెంటు జవాబు చెబుతున్నానని అనుకోకండి గానీ, మీరు పంపిన మూడో ఫొటో చూసి నాకు గుండె ఝల్లుమంది. బాల్కనీ పక్కనే తీగలు, మీ చేతిలో తడి అల్యూమినియం కర్ర. హుద్‌హుద్ తుపాను తర్వాత మీ నగరంలో కొన్ని చోట్ల తీగలు భూమిలోకి వెళ్లాయి, అన్ని చోట్లా కాదు. హైటెన్షన్ తీగకు కర్ర తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు దూకుతుంది. ఫైబర్‌గ్లాస్ కర్ర తడిస్తే దాన్నీ నమ్మలేం, కార్బన్ ఫైబర్ కర్రలోనైతే పొడిగా ఉన్నా కరెంటు పాకుతుంది. మీ కర్ర పూర్తిగా చాపి ఎటు పడినా తీగకు చేరే చోటైతే ఆ వైపు కిటికీలు వదిలేయండి, డబ్బు తగ్గించి తీసుకోండి.

అలాగే వైపర్ పిడికి, కర్రకు కలిపి గట్టి నైలాన్ తాడు కట్టండి. పదిహేను అడుగుల నుంచి అది ఊడి ఎవరి తల మీదో పడితే చెప్పక్కర్లేదు. కారు అద్దం మీద పడినా ఒక నెల సంపాదన పోతుంది.

బీమా ఈ వారమే చూడండి. మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకులోనే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకోవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే లక్ష ఇస్తారు. జీవన్ జ్యోతి బీమాకు 436, ఏ కారణంగా మరణించినా కుటుంబానికి 2 లక్షలు, చేరిన మొదటి 30 రోజులు మాత్రం ప్రమాద మరణానికే. రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు నడుస్తాయి. ప్రీమియం ఖాతాలోంచే కట్ అవుతుంది కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో డబ్బుండేలా చూసుకోండి. ఎముక విరిగితే ఆసుపత్రి బిల్లు ఇవి కట్టవు. దానికి ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కుటుంబం ఉందో లేదో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితమే, ఎవరికీ ఫీజు ఇవ్వకండి. జీఎస్టీ గురించి ఇప్పుడు టెన్షన్ వద్దు, సేవలకు ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే. ఎప్పుడైనా అప్పు తప్పదనిపిస్తే ముందు మీ బ్యాంకులో ముద్ర శిశు రుణం అడగండి, 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. ఆ ఫైనాన్సు ఆఫీసు మెట్లు ఎక్కేది ఆ తర్వాతే.

ఇంకొకటి. రెండో ఫొటోలో చిన్న రాడ్ పై గొట్టం అంచు దగ్గర సన్నగా పగులు కనిపిస్తోంది. దాన్ని ఇక పైకెత్తకండి. పగిలిన మేర రంపంతో కోసేసి, ఇంటి లోపలి అద్దాలకు పొట్టి కర్రగా పెట్టుకోండి.