బ్రయన్ ఎప్‌స్టీన్‌కి వ్యాపారం తెలియదా?

"కళాకారుల మేనేజర్లలో గుర్తుపెట్టుకోదగ్గ వాళ్ళు ఎవరైనా ఉన్నారా? బీటిల్స్ మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ పేరు చెబుతారు కానీ, ఆయనకి వ్యాపారం తెలియక ఆ బ్యాండ్ బోలెడు డబ్బు పోగొట్టుకుందట కదా?" అని అడిగారు.

డబ్బు పోయిన మాట నిజమే. వ్యాపారం తెలియదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నేను కొన్నేళ్ళు ఒక గాయనికి మేనేజర్‌గా పనిచేశాను. డేట్లు చూడడం, అడ్వాన్సు రాబట్టడం, పోస్టర్‌లో ఆమె పేరు ఎక్కడ పడుతుందో కనిపెట్టుకుని ఉండడం, ప్రోగ్రాం అయ్యాక బ్యాలెన్స్ కోసం నిర్వాహకుల వెంట తిరగడం, అన్నీ చేశాను. అందుకే ఆయన జీవితంలో నాకు కనిపించేవి కాస్త వేరుగా ఉంటాయి.

ఎప్‌స్టీన్ 1934లో లివర్‌పూల్‌లో ఫర్నిచర్ వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టారు. నటుడవుదామని లండన్‌లోని రాడా అనే నటన శిక్షణ సంస్థలో చేరి, మధ్యలోనే వదిలేసి వచ్చారు. తర్వాత సొంత కుటుంబానికి చెందిన నెమ్స్ షాపులో రికార్డుల విభాగం చూసుకున్నారు. 1961 నవంబరు 9న మధ్యాహ్నం కేవర్న్ క్లబ్‌లో బీటిల్స్ వాయించడం చూశారు. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు. ఏ కళాకారుడికీ మేనేజర్‌గా పనిచేసిన అనుభవం లేదు.

1962 జనవరి 1న డెక్కా అనే రికార్డుల కంపెనీలో బీటిల్స్‌కి ఆడిషన్ జరిగింది. కొన్ని వారాలకి వద్దని చెప్పేశారు. మిగతా కంపెనీల జవాబూ అదే. ఈ రోజుల గురించి రాసేవాళ్ళు దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నేను అంత తేలిగ్గా దాటలేను. "మీ అమ్మాయి గొంతు ఇప్పటి ట్రెండ్‌కి సరిపోదండీ" అని ఫోన్‌లో విన్నాక, అదే సాయంత్రం స్టేజీ ఎక్కబోతున్న మనిషి పక్కన మామూలుగా కూర్చోవాలి. ఆ టెన్షన్ మొహంలో కనిపించకూడదు. ఆ మాట ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది కూడా మన పనే. నేనైతే ప్రోగ్రాం అయిపోయాకే చెప్పేవాణ్ణి, కానీ దాచేవాణ్ణి కాదు. ఎప్‌స్టీన్ లండన్ వెళ్ళడం, వద్దనిపించుకోవడం, రైలెక్కి లివర్‌పూల్ వచ్చి ఆ నలుగురికీ చెప్పడం, మళ్ళీ వెళ్ళడం, ఇలా నెలలు గడిచాయి. చివరికి డెక్కా టేపుల్ని డిస్కుల మీదకి ఎక్కించుకుందామని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని హెచ్ఎంవీ షాపుకి వెళితే, అక్కడ పనిచేసే ఇంజినీరుకి ఆ పాటలు నచ్చాయి. ఆయన ద్వారా ఒకరు, వాళ్ళ ద్వారా ఇంకొకరు, అలా ఈఎంఐ అనే రికార్డుల కంపెనీలో పార్లోఫోన్ విభాగం చూసే జార్జ్ మార్టిన్ దగ్గరికి దారి దొరికింది. జూన్ 6న బీటిల్స్ ఆయన స్టూడియోలో వాయించారు. ఇదంతా అదృష్టమే అనేవాళ్ళున్నారు. అన్నిచోట్లా వద్దనిపించుకున్న టేపులు పట్టుకుని మళ్ళీ బయల్దేరకపోతే ఆ అదృష్టం ఎక్కడ తగిలేది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం మరొకటుంది. 1962 జనవరి 24న మేనేజ్‌మెంట్ ఒప్పందం మీద నలుగురూ సంతకం పెట్టారు, ఎప్‌స్టీన్ మాత్రం పెట్టలేదు. తను వాళ్ళకి ఏమీ చేయలేకపోతే వాళ్ళు స్వేచ్ఛగా వెళ్ళిపోగలగాలన్నది ఆయన ఉద్దేశం. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లల్ని, చదవనైనా చదవనివ్వకుండా ఏళ్ళ తరబడి కట్టిపడేసే కాగితాలు నేను చూశాను. అందుకే ఆ ఖాళీ సంతకం చోటు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. అక్టోబరులో పక్కా ఒప్పందం కుదిరాక ఆయన వాటా 25 శాతం దాకా వెళ్ళింది. అది తక్కువేం కాదు, ఆయన త్యాగమూర్తి అని నేను అనడం లేదు.

ఆగస్టులో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేయాలని మిగతా ముగ్గురూ నిర్ణయించుకున్నారు. ఆ మాట అతనికి చెప్పింది మాత్రం ఎప్‌స్టీనే. మా ట్రూప్‌లో చాలాకాలంగా కీబోర్డు వాయించిన పెద్దాయనకి, ఇకనుంచి వేరేవాళ్ళు వస్తున్నారని నేను చెప్పాల్సి వచ్చింది. "అమ్మాయి చెప్పమందా, నువ్వే అంటున్నావా బాబూ?" అని ఆయన అడిగారు. "నిర్ణయం అందరిదీనండీ" అన్నాను. ఆ కోపం ఆమె మీదకి వెళ్ళకుండా నా దగ్గరే ఆగాలి, అందుకే మేనేజర్ అనేవాడు ఉండేది.

ఇక వ్యాపారం సంగతి. అమెరికాలో ఎడ్ సల్లివన్ షో అనే టీవీ కార్యక్రమంలో మూడు ఎపిసోడ్లకి కలిపి 10,000 డాలర్లకే ఒప్పుకున్నారు. అక్కడికొచ్చే పెద్ద తారలతో పోలిస్తే అది చాలా తక్కువ. దానికి బదులుగా బీటిల్స్ పేరే అన్నిటికంటే పైన ఉండాలని పట్టుబట్టి సాధించారు. 1964 ఫిబ్రవరి 9న ఆ షోని దాదాపు 7.3 కోట్ల మంది చూశారని అంచనా. ఎక్కడ డబ్బు వదులుకోవాలో, ఎక్కడ పేరు వదలకూడదో తెలిసిన మనిషి చేసిన బేరం అది.

డబ్బు పోయిందని మీరు విన్నది సెల్టేబ్ అనే కంపెనీ విషయంలో మాత్రం నిజం. బీటిల్స్ పేరుతో బొమ్మలు, విగ్గులు, బ్యాడ్జీలు అమ్ముకునే హక్కులు ఆ కంపెనీకి ఇచ్చినప్పుడు, 90 శాతం వాళ్ళకీ 10 శాతం బీటిల్స్ వైపుకీ వచ్చేలా ఒప్పందం జరిగింది. ఘోరమైన ఒప్పందం. తర్వాత వాటా పెంచుకున్నా, కోర్టు వ్యవహారాల్లో చాలా వ్యాపారం చేజారింది. అయితే పాప్ బ్యాండ్ బొమ్మలకి అంత గిరాకీ ఉంటుందని అప్పటికి చూసినవాళ్ళు లేరు.

1966లో మనీలాలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ ఇచ్చిన విందుకి బీటిల్స్ వెళ్ళలేదు. దేశమంతా మండిపడింది, భద్రత తీసేశారు. క్షమాపణ చెప్పడానికి టీవీలో కూర్చున్నది కూడా ఎప్‌స్టీనే.

ఆయన గే. అప్పట్లో ఇంగ్లండ్‌లో అది నేరం. బ్లాక్‌మెయిల్ బెదిరింపులు కూడా భరించారు. 1967 జులై 27న ఆ చట్టం మారింది. సరిగ్గా నెలకి, ఆగస్టు 27న, లండన్ ఇంట్లో చనిపోయారు. నిద్రమందు మోతాదు మించి ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని విచారణలో తేల్చారు. వయసు 32. అందరి కష్టాలూ తన దగ్గరికి తెచ్చుకునే మనిషి తన కష్టం ఎవరికి చెప్పుకున్నాడో అని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ తర్వాత ఎవరిని మేనేజర్‌గా పెట్టుకోవాలన్న దాని మీదే బీటిల్స్‌లో చీలిక వచ్చింది. ముగ్గురు అలెన్ క్లైన్ అనే అమెరికన్ మేనేజర్ కావాలన్నారు, పాల్ మెకార్ట్నీ వద్దన్నారు. క్లైన్ 1969లో రాయల్టీలు బాగా పెంచారు, అంటే డబ్బు లెక్కలో ఎప్‌స్టీన్ కంటే గట్టివాడే. 1970 ఏప్రిల్‌కి బ్యాండ్ లేదు, డిసెంబరు 31న బ్యాండ్ భాగస్వామ్యం రద్దు చేయమని మెకార్ట్నీ వేసిన కేసు కోర్టుకెక్కింది. ఎప్‌స్టీన్ ఉంటే విడిపోయేవాళ్ళు కాదని నేను అనలేను, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. కానీ ఆయన ఉన్నంతకాలం మేనేజర్ విషయంలో వాళ్ళ మధ్య గొడవ రాలేదు.

2014లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటిచ్చారు. మీరు ఆయన గురించి చదవాలనుకుంటే 1962 మొదటి ఆరు నెలలతో మొదలుపెట్టండి. సెల్టేబ్ కథ తర్వాత చదువుకోవచ్చు.