యెజ్డీలో పిస్టన్ పిన్ను లాకు మళ్లీ మళ్లీ ఊడుతుంటే

అన్నా, మీ నాన్నగారి యెజ్డీ 250 బైకుకి బోరు కొట్టించాక (సిలిండర్ లోపలి గోడ చెక్కించాక) రెండుసార్లు పిస్టన్ పిన్ను లాకు, అంటే పిస్టన్‌ను కింది రాడ్డుకు కలిపే పిన్ను పక్కకు జారకుండా ఆపే చిన్న రింగు, ఊడి బ్లాకు (సిలిండర్) గీసుకుపోయిందన్నారు. లాకులు మానేసి పిన్నుకు రెండు పక్కలా ఇత్తడి బిళ్లలు పెట్టించొచ్చా అని మీ ప్రశ్న. వద్దు. కొన్ని పాత ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్లలో అలాంటి మెత్తటి బిళ్లలు ఉండేవి, నిజమే. కానీ మీది టూస్ట్రోక్. సిలిండర్ గోడకే పోర్టులు, అంటే గ్యాసు వచ్చిపోయే రంధ్రాలు, తెరిచి ఉంటాయి. బిళ్ల అంచు వాటికి తట్టుకుంటే మూడోసారీ బ్లాకు పోతుంది.

మా బాపు బండికీ ఇదే అయింది. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వస్తుంటే పానగల్లు దగ్గర టకటకమని చప్పుడొచ్చి వెనక చక్రం పట్టేసింది. చెయ్యి క్లచ్చి మీదే ఉంది కాబట్టి పడలేదు. లాకు నాసిరకం అనుకుని కొత్త పిస్టన్, కొత్త లాకులు వేయించా. రెండు వారాలకు మళ్లీ అదే చప్పుడు, ఊడింది కూడా అదే ఎడమ పక్కది.

అసలు సంగతి అక్కడే ఉంది. ఎప్పుడూ ఒకే పక్క ఊడుతోందంటే తప్పు లాకుది కాదు, పిన్నును ఏదో అటు నెడుతోంది. మా బండిలో పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్డు కొంచెం వంగింది. వంచింది ఎవరో కాదు, నేనే. పిన్ను రాకపోతే పిస్టన్‌కు ఏ ఆసరా ఇవ్వకుండా సుత్తితో కొట్టి తీశా! మీరు బ్లాకు తీశాక పిస్టన్ లేకుండా రాడ్డులో ఒట్టి పిన్ను పెట్టి, కింద క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) మూతి మీద రెండు పక్కలా ఒకే మందం ఉన్న పట్టీలు పెట్టి, పిన్నును వాటి మీదికి దించి చూడండి. ఒక పక్క ఆని, రెండో పక్క వెలుతురు కనిపిస్తే రాడ్డు వంగినట్టే.

రాడ్డు బాగుంటే లాకు ఎక్కించిన తీరు చూడాలి. తీగ లాకు నోరు (రెండు కొసల మధ్య ఖాళీ) పైకో కిందికో ఉండాలి, పక్కకు ఉండకూడదు. ఈ ఇంజిన్ స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 75 మిల్లీమీటర్లు. 4500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైకొచ్చి వెనక్కి తిరిగే క్షణంలో గ్రాము బరువున్న లాకు కూడా దాదాపు కిలో బరువున్నట్టు లాగుతుంది. నోరు పక్కకు ఉంటే ఆ లాగుడుకు ఒక కొస వంగి గాడిలోంచి బయటికొస్తుంది. పైకో కిందికో ఉంటే రెండు కొసల మీదా ఒకే తీరుగా పడుతుంది, లాకు నొక్కుకుపోదు. లాకు తీయడానికి పిస్టన్‌కు ఇచ్చిన గంటు దగ్గర కూడా నోరు పెట్టొద్దు.

బోరు కొట్టించినప్పుడు వేరే రకం పిస్టన్ వేశారేమో కూడా అడగండి. తీగ లాకుకు గుండ్రటి గాడి, పట్టీ లాకుకు చదరపు గాడి. ఒకదాని గాడిలో ఇంకోటి వేస్తే వదులుగా ఉంటుంది. గాడిలో మసి గోకి, కొత్త లాకు కూర్చోబెట్టి వేలితో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే ఆ గాడి అరిగిపోయింది, ఆ పిస్టన్ వద్దు. తీసిన లాకును మళ్లీ వాడకండి. పది రూపాయల వస్తువు కోసం బ్లాకు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పిన్ను ఎక్కించేటప్పుడు సుత్తి జోలికి పోకండి. పిస్టన్‌ను మరిగిన నీళ్లలో కాసేపు ఉంచితే అల్యూమినియం సాగి, పిన్ను బొటనవేలితో లోపలికి పోతుంది. చేతికి గుడ్డ చుట్టుకోండి. క్రాంక్‌కేసు మూతికీ ఒక గుడ్డ కుక్కండి, లాకు ఎగిరి లోపల పడిందంటే ఆ రోజంతా దాని వెనకాలే.

ఇంకొకటి, ఊడిన లాకు ముక్కలన్నీ దొరికాయా? కలిపి చూస్తే పూర్తి లాకు కావాలి. ఒక్క తునక తక్కువైనా క్రాంక్‌కేసు విప్పించి కడిగించండి. అప్పటిదాకా కొత్త పిస్టన్ ఎక్కించొద్దు.