మే నెలలో తర్జుమాకు వెళ్ళాలా, తోటలో ఉండాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. నా వయసు 31. ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఏటా మే నెలలో మా సంఘానికి విదేశాల నుంచి ఒక బృందం వచ్చి, మందస కొండల్లోని సవర గిరిజనుల గూడేలలో వైద్యశిబిరాలు, పిల్లలకు బైబిలు తరగతులు, సాయంత్రం కూటాలు జరుపుతుంది. నాలుగేళ్ళుగా పన్నెండేసి రోజులు వారికి ఉచితంగా తర్జుమా చేస్తున్నాను. మొదటి ఏడు మా ఆయనే బండి మీద దింపి వచ్చారు. ఈ ఏడు పాస్టరుగారు నన్ను అడగకుండానే ఆదివారం ఆరాధనలో నా పేరు చదివేశారు. ఆ రోజు నుంచి మా ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో నేను ఇల్లు వదిలిపోతున్నానని, రేపు ఏదైనా గొడవైతే ముందు పిలిచేది నన్నేనని అంటున్నారు. "ఊరందరి జబ్బులూ అడుగుతావు కదా, మా అమ్మ క్రియాటినిన్ ఎంతో చెప్పు" అని, మూత్రపిండాల పనితీరు తెలిపే ఆ రక్తపరీక్ష లెక్క అడిగితే చెప్పలేకపోయాను. ఇంకొక బాధ కూడా ఉంది. పోయిన ఏడు శిబిరంలో ఒక ముసలమ్మ చాలాసేపు సవర భాషలో చెప్పింది. ఆశ్రమ పాఠశాలలో చదివిన కుర్రాడు దానిని తెలుగులో చెబితే నేను డాక్టరుగారికి ఇంగ్లీషులో చెప్పాలి. మధ్యాహ్నం రెండు దాటింది, వరుస ఇంకా తరగలేదు. మోకాళ్ళ నొప్పులని ఒక్క మాటలో తేల్చేశాను. సంతలో కొన్న నొప్పి బిళ్ళ రోజూ రాత్రి వేసుకుంటున్నానని ఆమె చెప్పిన సంగతి పడుకోబోతుండగా గుర్తొచ్చింది. డాక్టరుగారు మళ్ళీ నొప్పి బిళ్ళలే ఇచ్చారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దేవుని పని మానుకోవాలా, ఇంటివారిని కాదనాలా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర దాచుకున్నట్టుగా రాసిన సంగతితోనే మొదలుపెడతాను, మీ ఇంటి సంగతి మరో పది రోజులు ఆగినా ఆగుతుంది గాని ఇది ఆగేది కాదు. ఇచ్ఛాపురం నుంచి పలాస వరకు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు ఇన్నేళ్ళుగా మనుషులను తీసుకుపోతున్నా దానికి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలను నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చన్నది తేలిన విషయమే, మీ అత్తగారిని చూసే డాక్టరు కూడా మీకు ఆ మాట చెప్పే ఉంటారు. అందుకే ఆ రాత్రి మీ మనసు అంతగా తల్లడిల్లింది. మీరు మే నెల దాకా ఆగకండి. ఈ వారంలోనే ఆ గూడేనికి వెళ్ళి అక్కడి ఆశా కార్యకర్తను గాని ఏఎన్ఎంను గాని కలిసి, ఆ ముసలమ్మ రోజూ ఏ బిళ్ళ వేసుకుంటున్నదో చూపించి, ఆమెకు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమని చెప్పండి. లెక్క ఎక్కువగా వస్తే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి ఉంది. శిబిరంలో చూసిన డాక్టరుగారికి కూడా జరిగింది జరిగినట్టు రాయండి. తన ఎదుట కూర్చున్న రోగి చెప్పిన మాటల్లో ఎంత తన దాకా రాలేదో ఆయనకు తెలియడం వచ్చే శిబిరానికి అవసరం.

మీ తప్పేమీ లేదని నేను అనను, అంటే మీరు నమ్మరు కూడా. అయితే ఇలాంటి తప్పు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం సరిహద్దు పల్లె నుంచి ఒడియా మాట్లాడే అత్తాకోడళ్ళు నా దగ్గరకు వచ్చారు. వెంట వచ్చిన బంధువుల కుర్రాడే నాకు తెలుగులో చెబుతున్నాడు. అత్తగారు చేతులు తిప్పుతూ ఐదు నిమిషాలు మాట్లాడితే ఆ అబ్బాయి, "కోడలంటే ఇష్టమేనంటున్నారండి" అన్నాడు. నేను తల ఊపి కోడలి వైపు తిరిగేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నది. ఆ అబ్బాయి అబద్ధమాడలేదు, పెద్దావిడ మాటలలో తనకు చెప్పదగినదిగా తోచిన ఒక్క ముక్కను ఏరి నా చేతిలో పెట్టాడు, అంతే. ఆనాటి నుంచి నేను మధ్యవర్తి చెప్పిన వాక్యం పొడవును మనిషి మాట్లాడిన సమయంతో పోల్చి చూసుకుంటాను. మీ శిబిరంలో మాట రెండు వంతెనలు దాటవలసి వచ్చింది, పైగా మీరు ఉదయం నుంచి అన్నం తినకుండా కూర్చుని ఉంటారు. సమావేశాలలో వక్త మాట్లాడుతుండగానే తర్జుమా చేసే వృత్తి దుబాసీలు 20, 30 నిమిషాలకొకసారి మరొకరికి మైకు అప్పగిస్తారు. మిమ్మల్ని పగలు వైద్యానికి, సాయంత్రం ప్రసంగానికి పన్నెండు రోజులు ఒంటరిగా నిలబెట్టడం మీ సంఘం చేసిన పొరపాటు.

మన జిల్లాలో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి గారి సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తున్నది. పర్లాకిమిడిలో ఉండగా సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని, రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని ఏళ్ళ తరబడి వారి మాట నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, ఆ మందుల వల్ల వినికిడి కూడా పోగొట్టుకున్నారు. మీరు అంత చేయాలని కాదు. మీ పక్కన నిలబడే ఆ ఆశ్రమ పాఠశాల కుర్రాడు మీకు సహాయకుడు కాడు, ఆ శిబిరంలో అందరికంటే ముఖ్యమైన మనిషి. అతనిని ముందు రోజే కూర్చోబెట్టుకుని ఒంట్లో భాగాల పేర్లు, నొప్పి రకాలు, మందుల సంగతులు సవరలో ఎలా అంటారో మాట్లాడుకోండి. ముసలివారిని ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగమనండి. "ఆమె అంటున్నారు" అని కాకుండా ఆమె మాటగానే "నేను" అని చెప్పండి, అప్పుడు కత్తిరించడానికి మనసు రాదు. అర్థం కానప్పుడు అర్థం కాలేదని ఇద్దరి ఎదుటా పైకి చెప్పండి.

ఇక మీ వారి మాటలు. వాటిని మీరు కోపంగా విన్నారు గాని అందులో మీ విశ్వాసానికి వ్యతిరేకంగా ఒక్క మాట కూడా నాకు కనిపించలేదు. జీడిపిక్కలు ఏరే రోజులు ఎలాంటివో ఉద్దానంలో పుట్టినవారికి వివరించనక్కరలేదు. రాలిన పిక్క మీద వాన పడితే నల్లబడి బస్తా ధర పడిపోతుంది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను పెళ్ళగించిన తరువాత మళ్ళీ మొక్క పెట్టి పెంచుకున్నవారికి ఒక్క కాపు పోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. గొడవ గురించి ఆయన పడుతున్న భయం కూడా ఊహ కాదు. పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీయులు మన దేశంలో మతప్రచారం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ప్రసంగించేవారు విమానమెక్కి వెళ్ళిపోతారు గాని మైకు దగ్గర వారి మాటలను తెలుగులో చెప్పినవారు ఇక్కడే ఉంటారు. వచ్చేవారికి ఏ వీసా ఉన్నదో, శిబిరానికి వైద్యాధికారుల అనుమతి ఉన్నదో పాస్టరుగారిని మర్యాదగా, సూటిగా అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే సాయంత్రం కూటాలకు మీరు నిలబడవద్దనే నా సలహా.

మూడవది క్రియాటినిన్ మాట. ఆ మాటకు మీకు నొప్పి కలిగిందంటే అందులో నిజం ఉన్నది. అత్తగారిని ఈసారి పరీక్షకు మీరే తీసుకువెళ్ళండి. రిపోర్టులో అంకెను మీరు చదివి, డాక్టరు చెప్పినదంతా ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఇంటి దగ్గర ఒక్క ముక్క వదలకుండా చెప్పండి. ఆ పని మీకు ఇంటిలో ఎవరికంటే బాగా వచ్చు.

ఆయనతో మాట్లాడేటప్పుడు వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి, దానికి ఈ కోపంలో ఒకటే జవాబు వస్తుంది. ఏరుడు ఎప్పటికి అవుతుందో అడగండి, ఆ తరువాత మిగిలే రోజులలో మీరు ఇవ్వగలిగినవి లెక్కపెట్టండి. నన్నడిగితే ఈ ఏడు వైద్యశిబిరానికి నాలుగు రోజులు చాలు. మీకు అక్కడ నిజమైన అవసరం ఉన్నది ఆ రోజులలోనే, పిల్లల తరగతులను తెలుగు వచ్చిన మరొక చెల్లెలు నడపగలదు.

పాస్టరుగారి దగ్గరకు మాత్రం మీరు ఒక్కరే వెళ్ళండి. భర్తను ముందు పెట్టుకుని, "మా ఆయన వద్దంటున్నారు" అని చెప్పడం తేలిక గాని అది ఆయనను సంఘంలో దోషిగా నిలబెడుతుంది. నేను నాలుగు రోజులే రాగలను, నాతో పాటు మరొకరు ఉండాలి, ఇకముందు నా పేరు చదివేముందు నన్ను అడగండి అని మీ నోటితో చెప్పండి. దేవుని పనికి గడువు పెడతావా అని ఎవరైనా నొచ్చుకుంటే, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం చూడమనండి. అర్థం చెప్పేవారు లేనప్పుడు అన్యభాషలో మాట్లాడేవాడే సంఘంలో మౌనంగా ఉండాలని అక్కడ ఉన్నది. మిగిలిన ఎనిమిది రోజుల బరువు మీ ఒక్కరిది కాదు.

ముసలమ్మ ఊరికి వెళ్ళే రోజున బస్సు కోసం చూడకండి. ఆమె సంగతి మొదటి నుంచి మీ వారికి చెప్పి, తెల్లవారుజామున ఎండ ముదరకముందే బండి తీయమని అడగండి.