మద్యపాన రుగ్మతపై పీహెచ్‌డీ: ముందు డేటా, తర్వాత గైడ్

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. యవ్వనం నుంచి వృద్ధాప్యం దాకా మద్యపాన వ్యసనం ఎలా మారుతుందన్న అంశంపై పరిశోధన చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి?
– ఓ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీరు ఎంచుకున్న అంశం నలభై ఏళ్లది, మీకుండే గడువు నాలుగైదేళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అరవై వచ్చేదాకా మీరు ఆగలేరు. కాబట్టి ఇప్పటికే నడుస్తున్న అధ్యయనంలో చేరాలి, లేదా సేకరించి పెట్టిన డేటాపై పనిచేయాలి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. రెండొందల మందితో ఒక్కసారి ప్రశ్నావళి నింపించి, వయసు పెరిగేకొద్దీ తాగుడు తగ్గుతుందని తేల్చేస్తారు. విపరీతంగా తాగినవాళ్లలో కొందరు అరవై చూడకుండానే పోయారన్న సంగతి ఆ పట్టికలో ఉండదు.

కొలబద్ద కూడా అన్ని వయసులకూ ఒకేలా పనిచేయదు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ ప్రమాణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం 11 లక్షణాల్లో కనీసం రెండు 12 నెలల వ్యవధిలో కనిపిస్తే మద్యపాన రుగ్మత. రెండు మూడైతే స్వల్పం, నాలుగైదైతే మధ్యస్థం, ఆరు నుంచి తీవ్రం. 'మునుపటికన్నా ఎక్కువ తాగితే గానీ కిక్కు రావడం లేదా?' అంటే కాలేజీ కుర్రాళ్లు ఇట్టే అవునంటారు. తాగడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అది మామూలే. రిటైరైన పెద్దాయన్ని 'తాగుడు వల్ల ఉద్యోగం దెబ్బతిందా?' అని అడిగితే ఏం చెబుతారు, ఉద్యోగమే లేదు కదా! కానీ వయసుతో ఒంట్లో నీటి శాతం తగ్గి, పాత మోతాదే ఆయనకు ఎక్కువవుతుంది. దానికి నిద్రమాత్రలు, షుగరు మందులు తోడవుతాయి. లెక్కకు వచ్చే లక్షణాలు తక్కువ, ముప్పు ఎక్కువ. ఈ ఒక్క తేడాపైనే మంచి థీసిస్ రాయవచ్చు.

డేటా విషయానికొస్తే, 'లాసి' (మన దేశంలో వయసు మళ్లడంపై దీర్ఘకాలిక అధ్యయనం) చూడండి. ముంబయిలోని జనాభా అధ్యయనాల సంస్థ ఐఐపీఎస్ ఆధ్వర్యంలో 2017-18లో తొలి విడత జరిగింది. 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా ఉన్నారు. చిన్న వయసు వైపు వ్యసనాల ముప్పుపై చేసిన 'సీవేడా' అధ్యయనం ఉంది: 6-23 ఏళ్లవారు, ఏడు కేంద్రాలు. అందులో బెంగళూరు నిమ్హాన్స్‌తో పాటు మదనపల్లె దగ్గరి రుషి వ్యాలీ కూడా ఒకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. ఈ అంకె పరిచయ అధ్యాయానికి పనికొస్తుంది. ఒక మనిషి తాగుడు ఎలా మారిందో మాత్రం చెప్పదు.

సొంతంగా ఇంటర్వ్యూలు చేయాల్సి వస్తే 'ఆడిట్' ప్రశ్నావళి వాడతారు: పది ప్రశ్నలు, 40 మార్కులు, 8 లేదా ఆపైన వస్తే హానికర స్థాయి అని లెక్క. చిక్కంతా 'డ్రింక్' అన్న మాటతోనే. రెండో ప్రశ్న, తాగిన రోజున ఎన్ని డ్రింకులని. 'ఒక క్వార్టర్' అన్న జవాబును మీరు ఒకటిగా రాసుకుంటే సున్నా మార్కు. 180 మి.లీ. విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే సుమారు 61 గ్రాములు. డ్రింక్‌కి 10 గ్రాముల చొప్పున అవి ఆరు. అప్పుడు రెండు మార్కులు పడాలి. మూడో ప్రశ్న 'ఒకే విడతలో ఆరు, ఆపైన ఎంత తరచుగా?' అన్నది. రోజూ క్వార్టర్ తాగేవారికి ఇక్కడ నాలుగు రావాలి, మీ కాగితంపై మళ్లీ సున్నా. మొత్తం ఆరు మార్కులు గల్లంతు! అందుకే సీసాల బొమ్మలున్న కార్డు చేత్తో పట్టుకుని అడగాలి. 650 మి.లీ. బీరు 5 శాతానిదైతే రెండున్నర డ్రింకులు. కల్లు గురించి విడిగా అడగండి. 'మందు ముట్టను' అనేవారిలో చాలామందికి కల్లు మందు కిందికి రాదు. గత 90 రోజుల లెక్క కావాలంటే క్యాలెండర్ ముందు పెట్టి జీతం రోజు, పెళ్లిళ్లు, జాతరలు గుర్తుచేస్తూ అడగాలి.

ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పే స్థితి ఏర్పడవచ్చు. 'ఈరోజే మానేయండి' అని పరిశోధకులు సలహా ఇవ్వకూడదు. ఏ ఆసుపత్రికి పంపాలో ఎథిక్స్ కమిటీకిచ్చే ప్రోటోకాల్‌లోనే రాసుకోండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్లు 14446, టెలీ మానస్ 14416 చేతిలో ఉంచుకోండి.

ఇక గైడ్. పేరు, ప్రచురణల సంఖ్య చూసి ఎంచుకోవద్దు. వారి పాత విద్యార్థులు ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి: ఎన్నేళ్లలో పూర్తయింది, మొదటి రచయితగా తమ పేరుతో ఎన్ని పేపర్లు వచ్చాయి, డ్రాఫ్ట్ తిరిగిరావడానికి ఎన్ని వారాలు పట్టింది, డేటా ఎవరి చేతిలో ఉండేది. చివరి ప్రశ్నే అసలైనది. డేటా వాడుకునే అనుమతి, పేపర్లో పేర్ల వరుస చేరిన మొదటి నెలలోనే ఈ-మెయిల్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి. తర్వాత అడిగితే మొహమాటం, ఆపైన గొడవ. ఒక్కరితోనే సరిపెట్టుకోవద్దు. వ్యసన వైద్యం తెలిసినవారు గైడ్ అయితే, గణాంకాలు తెలిసినవారు కో-గైడ్‌గా ఉండాలి. మీరూ 'ఆర్' అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మిక్స్‌డ్ మోడల్స్ (ఒకే మనిషిని పలుమార్లు కొలిచిన డేటాను విశ్లేషించే పద్ధతి) నేర్చుకోండి. రెండో విడతకి రానివారిలో ఎక్కువగా తాగేవారే అధికమైతే ఏం చేయాలో తెలియకుండా ఈ రంగంలో పేపర్ గట్టెక్కదు.

డబ్బు సంగతి: యూజీసీ-నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు. పీహెచ్‌డీ తర్వాతి దశకు హైదరాబాద్‌లోనే కార్యాలయమున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు చూడండి. అమెరికా వెళ్లాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే ఎఫ్31, టీ32 శిక్షణ నిధులు అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. పోస్ట్‌డాక్ దశలో ఇచ్చే కే99 గ్రాంటు మాత్రం మనవాళ్లకూ తెరిచే ఉంటుంది. ఇంకోటి, మామూలు పీహెచ్‌డీతో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయలేరు. చికిత్స కూడా చేయాలనుకుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపున్న కోర్సు విడిగా చదవాలి.

గైడ్‌కి రాసే మొదటి ఈ-మెయిల్ ఒక పేజీ దాటకూడదు: మీ ప్రశ్న ఒక వాక్యంలో, ఏ డేటాతో జవాబు దొరుకుతుందో, అందులో ఏ వేరియబుల్స్ వాడతారో రాయండి. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే మరోసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.